మడమకూ నేలకూ మధ్య

ఆ చలికాలం మా వీధిలో అందరికంటే ముందు లేచేది దగ్గు. పాలబండికంటే ముందు, కుళాయి నీళ్ళకంటే ముందు. ఒక ఇంట్లో మొదలైతే పక్కింటివాళ్ళు అందుకునేవాళ్ళు, వాళ్ళు వదిలితే ఎదురింటివాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఎదురింటి తాళానికి కూడా జలుబు చేసి ముక్కు మూసుకుపోయిందనీ, తాళంచెవి దూరలేదనీ, ఆవిరి పట్టాక గానీ తెరుచుకోలేదనీ మా కోడలికి చెప్పాను. ఆమె యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ, "అంటే తుప్పు పట్టిందన్నమాట," అంది.

మా కోడలు బస్సు కండక్టరు. మీసాలు రాబోతున్న పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వీడికింకా అయిదు నిండలేదని ఒట్టు పెట్టే తల్లుల్ని రోజుకి పదిమందిని చూస్తుంది. అలాంటి మనిషి ముందు నా మాటలేం నిలుస్తాయి? "మామయ్యా, మీరేం చెప్పినా నేను నాలుగో వంతుకి కోసి వింటాను. అప్పటికీ ఒక్కోసారి పొడుగే వస్తుంది," అనేది. నాకు కోపం వచ్చేది కాదు. వడ్రంగిని; కొయ్యడం తప్పని ఏ నోటితో అంటాను?

మా అబ్బాయి దూరాలు తిరిగే లారీ మీద ఉండేవాడు. నెలకోసారి వచ్చి రెండు రోజులు నిద్రపోయి వెళ్ళేవాడు. ఇంటి ముందుగది నా పనిగది. వెనక రెండు గదుల్లో కోడలూ మనవరాలూ. మనవరాలికి ఏడేళ్ళు. రెండు నిమిషాలు ఒకచోట ఆగదు కాబట్టి పిచ్చుక అని పిలిచేవాణ్ణి. తల్లి నా మాటల్ని కోసి వింటే, కూతురు వాటికి ఇంకో రెండు మూరలు అతికించి నాకే తిరిగి చెప్పేది.

నా తరఫున ఒక్కటి చెప్పుకోనివ్వండి. నోటితో ఎంత సాగదీసినా అడుగుబద్దతో ఏనాడూ సాగదియ్యలేదు. నేను చేసిన తలుపు చౌకట్టులో కూర్చోలేదన్నవాడు పుట్టలేదు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయంటే నాకూ తెలియదు. ఉన్నాయి, అంతే.

పిచ్చుకకి గురువారం సాయంత్రం జ్వరం తగిలింది. బడిలో సగం బల్లలు అప్పటికే ఖాళీ. మూడు రోజులు ఒళ్ళు పెనంలా కాలింది. ఆదివారానికి దిగింది. సోమవారం మంచం మీద కూర్చుని నా చిత్రిక పొట్టుతో బొమ్మకి జడ అల్లింది. హమ్మయ్య అనుకున్నాం. డిపోలో కండక్టర్లు సగంమంది మంచం పట్టడంతో సెలవులన్నీ రద్దు చేశారు. కోడలు రెండేసి షిఫ్టులు చేస్తోంది. మంగళవారం తెల్లారకముందే మొదటి బస్సుకి వెళ్ళిపోయింది.

ఆరుంపావుకి, నేను కుర్చీ కాలుని చిత్రిక పడుతున్నాను. పిచ్చుక పనిగది గుమ్మంలో కనబడింది. రెండు చేతులతో చౌకట్టుని పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడింది.

"ఏమ్మా, దొంగపిల్లి వేషమా?" అన్నాను.

కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా ఒక అడుగు వేసింది.

"బాగుంది. ఇప్పుడు కొంగ నడక చూపించు."

"తాతా, నా పిక్కల్ని ఎవరో పిండుతున్నారు," అంది. "మడమ కింద పెడితే ఇంకా గట్టిగా పిండుతున్నారు."

"వాళ్ళ చిరునామా చెప్పు. రంపం పట్టుకుని వెళతాను."

అప్పుడు చూశాను. అంత చలిలో దాని పైపెదవి మీద చెమట. ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టి, పిక్క మీద వేలు ఊరికే ఆనించాను. జ్వరంలో కూడా ఏడవని పిల్ల ఏడ్చింది.

కోడలికి ఫోన్ చేసి, పిల్లని వీపున వేసుకుని బయల్దేరాను. డాక్టరమ్మ ఆసుపత్రి మూడు వీధుల అవతల, రెండో అంతస్తులో. లిఫ్టు ఉండాల్సిన చోట చీపుర్లు ఉండేవి. నలభై నాలుగు మెట్లు. ఎక్కుతుంటే కుదుపుకి పిల్ల మూలుగుతోంది. దాని ధ్యాస మళ్ళించాలని నోటికొచ్చింది అల్లాను. "మా తాతకి కూడా ఒకసారి ఇలాగే కాళ్ళు బిగుసుకుపోయాయి. ఆయనేం చేశాడనుకున్నావు? పట్టుబట్టి మడమలు నేలకేసి వెయ్యిసార్లు కొట్టాడు. వెయ్యోసారికి నొప్పి బుస్సున ఆవిరై గోళ్ళలోంచి పోయింది. ఆ దెబ్బకి నేల కుంగి అక్కడ బావి పడింది. ఇప్పటికీ ఉంది."

"నిజంగా వెయ్యేనా?"

"ఒకటో రెండో ఎక్కువే."

పైన హాలంతా జనం. దగ్గులతో కిటికీ అద్దాలు అదురుతున్నాయి. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కాంపౌండరు చీటీలు రాస్తున్నాడు.

"ఏంటి ఇబ్బంది?"

"కాళ్ళ నొప్పులు."

"జ్వరం?"

"తగ్గింది."

"కూర్చోండి. నలభై ఒకటో నంబరు."

అప్పుడు లోపల ఉన్నది పదకొండో నంబరు. వీపు మీద పిల్ల బరువు, చెవి దగ్గర దాని ఏడుపు. నా నోరు నన్ను అడగలేదు. "బాబూ, ఇది మామూలు నొప్పి కాదు. పది రోజులుగా కాళ్ళు చచ్చుబడ్డాయి. సూది గుచ్చినా తెలియడం లేదు. ఇవాళ నడుందాకా పాకింది," అన్నాను.

అతను తలెత్తి చూసి, నేనన్నదంతా చీటీ మీద ఎర్రసిరాతో రాశాడు. రెండో నిమిషంలో లోపలున్నాం. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

డాక్టరమ్మ మనిషి చిన్నదే గానీ వారం రోజులు నిద్రలేనట్టు కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి. చీటీ చదివి చటుక్కున లేచింది. చిన్న సుత్తి తీసింది. దాంతో మేకు కూడా దిగదు. మోకాలి కింద అలా తట్టగానే పిచ్చుక కాలు తన్నింది, రెండోదీ తన్నింది. పాదం మీద దూదితో రాస్తే నవ్వు వచ్చిందంది. తన చేతిని నెట్టమంటే నెట్టింది. పిక్క పట్టుకోగానే కెవ్వుమంది. డాక్టరమ్మ మళ్ళీ చీటీ చూసింది, మళ్ళీ కాళ్ళు చూసింది.

ఈలోపు కోడలు వచ్చింది, టికెట్ల మిషను మెడలోనే వేలాడుతోంది.

"అమ్మా, చీటీ ఒకటి చెబుతోంది, కాళ్ళు ఇంకొకటి చెబుతున్నాయి," అంది డాక్టరమ్మ. "చీటీ నిజమైతే ఇక్కడ ఒక్క నిమిషం ఉంచకూడదు. ఇప్పుడే అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాలి. వెన్నులో సూది వేసి నీరు తీసి చూస్తారు. ఊపిరికి ఇబ్బంది వస్తుందేమోనని అక్కడే ఉంచుకుంటారు. కాళ్ళు చెప్పేది నిజమైతే ఇంటికి తీసుకెళ్ళొచ్చు. నొప్పి ఎప్పుడు మొదలైంది? ఇంట్లో ఎవరున్నారు?"

"నేను డ్యూటీలో ఉన్నాను," అంది కోడలు. "ఉన్నది ఈయనొక్కరే."

ఇద్దరూ నా వైపు చూశారు. పిచ్చుక కూడా. నేనేదో గొప్ప కథ చెప్పబోతున్నానన్నట్టు చూసింది. ఆ చూపు ముందు నోరు విప్పడం నా డెబ్భై ఒక్క ఏళ్ళలో అతి కష్టమైన పని.

"చీటీలోది అబద్ధమమ్మా," అన్నాను. "త్వరగా లోపలికి పంపుతారని చెప్పాను."

"ఎంతవరకు అబద్ధం?"

"మొత్తం."

"మరి ఇప్పుడు చెప్పబోయేది నేనెందుకు నమ్మాలి పెద్దాయనా?"

చెయ్యి తనంతట తను జేబులోకి వెళ్ళి మడత అడుగుబద్ద తీసింది. పిచ్చుకని బల్ల దింపి నిలబెట్టమన్నాను. నేల మీద మోకరించి మడమ కింద బద్ద నిలిపాను. "అంగుళమున్నర," అన్నాను. "రెండు కాళ్ళూ ఒకటే. గురువారం సాయంత్రం జ్వరం, ఆదివారం పోయింది. నిన్న మంచం దిగి రెండుసార్లు నాతో పాటు పనిగదిలోకి నడిచింది, బాగానే. ఇవాళ ఆరుంపావుకి ఇలా లేచింది. ఇంతకు మించి నాకు తెలియదు."

డాక్టరమ్మ చాలాసేపు నా చేతిలోని బద్దనే చూసింది. తర్వాత ఎర్రసిరా చీటీని రెండు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

ఈ ఫ్లూ జ్వరం పోతూ పోతూ కొంతమంది పిల్లల పిక్కల కండరాల్ని మంటపెట్టి పోతుందట. చాలావరకు వారం తిరిగేలోపు దానంతటదే పోతుంది, ఏ లోపమూ మిగలదు. పడుకోనివ్వాలి, నీళ్ళు బాగా తాగించాలి, నొప్పికి ఆమె రాసిన మందు తప్ప పెద్దవాళ్ళ మాత్రలేవీ వెయ్యకూడదు, పిక్కలు పిసకకూడదు. రక్తం పరీక్షకి తీసుకుంది. "అసలు సంగతి ఒకటుంది," అని వేలెత్తింది. "మూత్రం రంగు రోజూ చూడాలి. పాలు కలపని టీ రంగులోకి తిరిగితే ఆగకూడదు. కండరం నలిగి మూత్రపిండాల మీద పడుతోందని అర్థం. కాళ్ళలో బలం తగ్గినా, ఊపిరి బరువైనా, వారానికి నడవకపోయినా తీసుకురండి. మీరే చూడాలి. చూసింది చూసినట్టే చెప్పాలి."

"మడమ కొలవనా?"

"పొద్దున లేచినప్పుడు ఒక్కసారి. తనంతట తను నిలబడినంతే. కిందికి నొక్కకూడదు."

ఇంటికి వచ్చాక కోడలు పిల్లని పడుకోబెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగి, అప్పుడు అంది. "మామయ్యా, మీ అబ్బాయి ఎక్కడున్నాడో నాకు తెలియదు. డిపోలో సెలవు లేదు, మానేస్తే ఉద్యోగం లేదు. పగలంతా దాన్ని చూసేది మీరొక్కరే. సాయంత్రం నేను వచ్చి, మీరు చెప్పిందాన్ని కోయాలో అతికించాలో తెలియక దాని మంచం దగ్గర కూర్చుంటే నేనేమైపోవాలి?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకి ఎదురు తిట్టు ఉంది, దీనికి లేదు.

"అది నడిచేదాకా నా నోట అబద్ధం రాదు," అన్నాను.

"మీరు ఊపిరైనా ఆపగలరేమో," అని మిషను మెడలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఒక చిన్న కుర్చీకి కాళ్ళు కోసి, పాత సంచి పట్టీలు రెండు బిగించాను, మళ్ళీ మెట్లెక్కాల్సి వస్తే వీపున తగిలించుకోవడానికి. పాలిష్ రంగుల చెక్క గోడ మీంచి దింపాను. మా పనిలో అది ప్రతివాడికీ ఉంటుంది. అరచేతి వెడల్పు చెక్క మీద వరసగా ఏడు రంగులు, లేత తేనె నుంచి కాల్చిన కాఫీ గింజ దాకా. వచ్చినవాడు తన బీరువాకి ఏది కావాలో వేలు పెట్టి చూపిస్తాడు. నేను ఒక గాజు సీసా కడిగి, పిచ్చుక అందులో పోసి ఇచ్చినదాన్ని కిటికీ వెలుతురులో ఆ చెక్క పక్కన పెట్టి చూశాను.

"తాతా, నేనే బీరువాకి సరిపోతాను?" అంది.

"రెండో నంబరు. పెళ్ళికూతురి అద్దాల బల్లకి వేసేది."

డాక్టరమ్మకి ఫోన్ చేసి రెండో నంబరని చెప్పాను. ఏం నంబరని అడిగితే చెక్క సంగతి చెప్పాను. తర్వాత అంతా విని, అయితే నాలుగో నంబరు వస్తే ఫోన్ చెయ్యమంది, అయిదైతే ఫోన్ కూడా వద్దు, సరాసరి రమ్మంది. పాలిష్ చెక్కతో డాక్టరమ్మకి లెక్కలు చెప్పిన వడ్రంగి ఇంకెవడైనా ఉంటే నా ఉలి వాడికిచ్చేస్తాను.

బుధవారం మడమ అంగుళం పావు. గురువారం అంగుళం. రక్తం పరీక్షలో కండరం వాచిందనే తేలింది. డాక్టరమ్మ అనుకున్న దాని కన్నా ఎక్కువేమీ లేదంది. సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విప్పకముందే అడిగేది, నేను అంకె చెప్పేవాణ్ణి, ఆమె వెళ్ళి తన బొటనవేలితో మళ్ళీ కొలుచుకునేది, సీసా ఎత్తి మళ్ళీ చూసేది. నేను అడ్డు చెప్పలేదు. చౌకట్టు వంకరగా ఉందనుకున్నవాడు మూలమట్టం పెట్టి చూసుకోకుండా ఉంటాడా?

అబద్ధం మానెయ్యడం చుట్ట మానెయ్యడం లాంటిది కాదు. చుట్ట మానితే నోరు ఖాళీగా ఉంటుంది. ఇది మానితే మనిషే ఖాళీ. పై వాటాలో వస్తాదు ఉండేవాడు. ఒకప్పుడు కుస్తీలు నేర్పినవాడు, బొటనవేళ్ళు నా ఉలి పిడులంత. గురువారం నూనె గిన్నెతో దిగాడు.

"రెండు నిమిషాలు నాకు వదులు బావా. పిక్కల్లో ముడి విప్పేస్తాను. సాయంత్రానికి పరుగులు పెడుతుంది."

"వద్దు. డాక్టరమ్మ పిసకొద్దంది."

"డాక్టరమ్మ ఎన్ని కుస్తీలు పట్టింది?"

"పట్టలేదు. అయినా వద్దు."

వస్తాదు నూనె గిన్నె కింద పెట్టి నన్ను తేరిపార చూశాడు. "ఇదేంటి? 'వద్దు' అని ఊరుకున్నావు. నీ పిక్కలు పిసికి ఏనుగు కుంటిదైపోయిందనో, రైలు పట్టాలు వంగాయనో చెబుతావనుకున్నానే."

"లేదు."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

ఆ సాయంత్రం వీధి వీధంతా నాకూ ఆ జ్వరం తగిలిందని చెప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు చూడ్డానికి కూడా వచ్చారు.

శుక్రవారం పొద్దున పిచ్చుక మంచం దిగి నిలబడింది. బద్ద పెట్టాను. తీసి, మళ్ళీ పెట్టాను. అంగుళమున్నర. మొదటి రోజు ఎంతో అంతే. నిన్నటికి తగ్గిన అర అంగుళం తిరిగొచ్చి కూర్చుంది. సీసా కిటికీలో పెట్టాను. నాలుగో నంబరు, పాత సోఫా కాళ్ళ రంగు.

"ఎంత తాతా?"

"అంగుళమున్నర."

అది పెదవి కొరుక్కుంది. "అయితే వెయ్యి నిండేదాకా పోదు," అంది.

"ఏ వెయ్యి?"

నేను రంపంతో కోస్తున్నంతసేపూ చప్పుడు వినబడదని, మంచం మీద పడుకుని మడమలు గోడకేసి కొడుతోందట. బుధవారం మూడు వందలు, నిన్న నాలుగు వందల యాభై. పళ్ళ బిగువున, లెక్క తప్పకుండా. నొప్పికి కళ్ళలో నీళ్ళొస్తే ఆగి, తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టేదట. "ఇంకా రెండు వందల యాభై ఉంది. అది కూడా కొడితే ఆవిరి పోతుందా, లేకపోతే మళ్ళీ మొదటి నుంచి కొట్టాలా?" అని అడిగింది. మడమలు చూస్తే ఎర్రగా కమిలి ఉన్నాయి.

నేను అడ్డదిడ్డంగా అల్లిన కథని ఈ పిల్ల నా బద్దంత నమ్మకంగా పట్టుకుంది. మంచం పట్టె మీద కూర్చున్నాను.

"అది అబద్ధమమ్మా. మా తాత కాళ్ళు ఎప్పుడూ బిగుసుకోలేదు. ఆయన చచ్చేదాకా బాగానే నడిచాడు."

"మరి బావి?"

"అది కూలివాళ్ళు తవ్వారు. గునపాలతో."

"బావి కూడా అబద్ధమేనా?"

"బావి ఉంది. మా తాతకీ దానికీ సంబంధం లేదు."

నా కథల్లో ఒకదానికి నేనే ఉరి వెయ్యడం అదే మొదటిసారి. నాకంటే అది ఎక్కువ బాధపడిందని తెలుస్తూనే ఉంది.

"అయితే ఇక కొట్టకూడదా?"

"ఒక్కటి కూడా. కాళ్ళు వాటంతటవే మంచం దిగుతాయి. నువ్వు పట్టుబట్టాల్సింది పడుకోవడం మీద."

"అది ఇంకా కష్టం," అంది.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మంది. తర్వాత కోడలికి చెయ్యబోయాను. కోడలు ఆ వేళకి చివరి స్టాపులో ఉంటుంది. నంబరు నొక్కుతుంటే నా నాలుక కింద ఒక మాట సిద్ధంగా ఉంది. ముప్పావు అంగుళం. ఎంత చక్కని కొలత. ఆమె రోజంతా తేలిగ్గా టికెట్లు కొడుతుంది, సాయంత్రానికి నేనేదో ఒకటి సర్దుకోవచ్చు. బస్సు ఇంజను చప్పుడు వినబడింది. "చెప్పండి మామయ్యా."

"అంగుళమున్నర. నిన్నటికంటే అర అంగుళం పెరిగింది. రంగు నాలుగు. తప్పు నాది. మడమలు కొడితే పోతుందని మంగళవారం మెట్ల మీద నేను చెప్పిన కథ పట్టుకుని రెండు రోజులుగా గోడకేసి కొట్టుకుంటోంది. ఇప్పుడు చెప్పాను అబద్ధమని. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళుతున్నాను."

ఇంజను చప్పుడే వినబడుతోంది. ఎవరో టికెట్టు అడుగుతున్నారు. ఆమె వాళ్ళని ఆగమంది.

"ఇందులో ఎంత కోయాలి?" అంది చివరికి.

"కొయ్యడానికేం లేదమ్మా. ఉన్నదంతే."

"సరే. తీసుకెళ్ళండి. డ్యూటీ దిగి వస్తాను."

కుర్చీ వీపున తగిలించుకుని మెట్లెక్కాను. "తాతా, నువ్వు గుర్రానివా గాడిదవా?" అని పిచ్చుక వెనక నుంచి అడిగింది. "చేసిన పనిని బట్టి గాడిదనే," అన్నాను. ఇరవయ్యో మెట్టు మీద నా మోకాళ్ళు రెండూ రాజీనామా ఇచ్చాయి, తీసుకోకుండా ఎక్కాను.

కాంపౌండరు నన్ను చూసి కలం మూత తీశాడు. "ఇవాళ ఎందాకా పాకింది? మెడదాకానా?"

"ఎక్కడిదక్కడే ఉంది. నడక నిన్నటికంటే తగ్గింది. మూత్రం రంగు ముదిరింది. ఫోన్ చేస్తే రమ్మన్నారు. అంతే రాసుకో."

"అంతేనా?"

"అంతే."

నా మొహం కాసేపు చూసి, నల్లసిరాతోనే రాశాడు. లోపలికి వెళ్ళి అడిగి వచ్చి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

డాక్టరమ్మ సీసాలో ఒక కాగితం పుల్ల ముంచి తీసి, దాని రంగు చూసింది. నా చెక్క లాంటిదే ఆమె దగ్గరా ఒకటి ఉంది, డబ్బా మీద అంటించి. "ఇది కండరం నుంచి వచ్చిన రంగు కాదు," అంది. "నీళ్ళు తాగని రంగు." సుత్తితో తట్టింది, కాళ్ళు తన్నాయి. బలం ఎక్కడా తగ్గలేదు. మడమలు కొట్టుకోవడం వల్ల నొప్పి రేగింది, అంతే. "ఏమ్మా, నీళ్ళెందుకు తాగడం లేదు?"

పిచ్చుక నన్ను చూసి, నేలని చూసింది. "తాగితే బాత్రూముకి లేవాలి. లేస్తే పిండుతుంది."

నేను పోసిన గ్లాసులన్నీ కిటికీలోంచి, దాని కింద వస్తాదు పెట్టుకున్న తొట్టి మొక్కకి వెళుతున్నాయట. ఆ వారం ఆ మొక్క అంత ఏపుగా ఎందుకు పెరిగిందో అప్పటిదాకా నాకూ వస్తాదుకీ అర్థం కాలేదు.

ఇంటికి వస్తూనే చేతికందిన కుర్చీ తీసుకున్నాను. ఎవరో బాగు చెయ్యమని ఇచ్చింది. కూర్చునేచోట గుండ్రంగా కోసి, అంచులు నున్నగా రాసి, కింద బకెట్టు పెట్టి మంచానికి ఆనించాను. గంట పట్టింది. పిల్ల జరిగి కూర్చుంటే చాలు, కాలు కింద పెట్టనక్కర్లేదు. కోడలు వచ్చేసరికి పిచ్చుక దాని మీద మహారాణిలా కూర్చుని మూడో గ్లాసు తాగుతోంది. కోడలు ఆ ఏర్పాటు చూసింది, కమిలిన మడమలు చూసింది. నన్ను ఏమైనా అంటుందని చూశాను. కొంగు నడుముకి చుట్టి, ఇంకో గ్లాసు నీళ్ళు పోసి ఇచ్చింది.

"దీనికి కూడా పాలిష్ వెయ్యండి మామయ్యా," అంది. "రెండో నంబరు."

శనివారం రంగు ఒకటికి దిగింది. మడమ అంగుళం పావు. ఆ రోజంతా నేను రంపం ముట్టుకోలేదు. మంచం పక్కన కూర్చుని గరుకు కాగితంతో చేసే పనులే చేశాను. పిచ్చుక పడుకోవడం మీద పట్టుబట్టింది. గంటలు గంటలు కదలకుండా, పళ్ళు బిగించి, చేతులు పక్కన పెట్టుకుని. అంత కష్టపడి పడుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆదివారం అర అంగుళం. సాయంత్రం కోడలు అలవాటుగా బొటనవేలు పెట్టి చూసి, తల ఊపింది.

సోమవారం నాలుగున్నరకే నాకు మెలకువ వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన వారం రేపటితో నిండుతుంది. కోడలు ముందుగదిలో బల్ల మీద అద్దం ఆనించుకుని జడ వేసుకుంటోంది. మొదటి బస్సు అయిదింటికి. లోపల మంచం కిర్రుమంది.

వెళ్ళేసరికి పిచ్చుక కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని ఉంది. నేను దీపం వేసి, బద్ద తీసి, మోకరించాను. పట్టుకోవడానికి భుజం ఇవ్వబోతే వద్దంది. పట్టె మీంచి చేతులు తీసి నిలబడింది. నేను బద్దని మడమ కిందికి జరిపాను. అది మడమకి తగిలి ఆగిపోయింది. రెండో కాలు. ఆగిపోయింది. జేబులోంచి ఒక గరుకు కాగితం ముక్క తీసి దూర్చబోయాను. అది కూడా దూరలేదు.

"నొప్పి ఉందా?"

"కొంచెం. చిన్న రొట్టె ముక్కంత."

గోడ దాకా నడిచింది, తిరిగి వచ్చింది. కొంగ నడక కాదు, పిల్లి నడక కాదు. ఏడేళ్ళ పిల్ల నడక. నేను లేవడానికి దాని మంచమే పట్టుకున్నాను.

"మామయ్యా, ఎంత?" ముందుగదిలోంచి కోడలు గొంతు.

"ఏమీ లేదు," అన్నాను. "నేలకి ఆనింది. రెండూ. గోడ దాకా వెళ్ళి వచ్చింది. నొప్పి కొద్దిగా ఉందంటోంది."

దువ్వెన బల్ల మీద పెట్టిన శబ్దం వినబడింది. తర్వాత టికెట్ల మిషను పట్టీ బిగించిన శబ్దం, చెప్పులు తొడుక్కున్న శబ్దం.

"పాలు పొయ్యి మీద ఉన్నాయి," అంది. "పరుగెత్తనివ్వకండి. వెళ్ళొస్తాను మామయ్యా."

తలుపు దగ్గరికి వేసుకుని వెళ్ళిపోయింది. మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళి, మలుపు తిరిగేదాకా అడుగులు వినబడుతూనే ఉన్నాయి.

పిచ్చుక గది మధ్యలో నిలబడి గుమ్మం వైపు చూస్తోంది. రెండు మడమలూ నేల మీదే ఉన్నాయి.

"అమ్మ వచ్చి చూడలేదేం తాతా?"

"నేను చెప్పాను కదమ్మా," అన్నాను.